అచ్చు అడుగున బొటనవేలు

ఆ ల్యాబులో ఆమెని అందరూ మైనం అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు అది కాదు. కానీ పదకొండేళ్ళుగా ఒకే కుర్చీలో కూర్చుని, స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వేడిచేసుకుంటూ, చుక్క మీద చుక్క పేర్చి మైనంతో పళ్ళు చెక్కే మనిషికి ఆ పేరు అంటుకోక ఏమవుతుంది?

పళ్ళ డాక్టర్లు రోగుల నోటికి కొలత తీసి ఆ ల్యాబుకి పంపేవాళ్ళు. ఆ కొలతలో ప్లాస్టరు పోస్తే నోటి అచ్చు వస్తుంది. అచ్చు మీద ఆమె మైనంతో పన్ను కడితే, దాన్ని బట్టి కొలిమి దగ్గరవాళ్ళు గట్టి పన్ను పోస్తారు. చివర ఇంకొకతను మెరుగు పెడతాడు. అయిదుగురి చేతులు మారి పన్ను తయారవుతుంది కానీ, నోటితో ఎక్కువసేపు ఒంటరిగా కూర్చునేది మాత్రం మైనమే. ఒక్కో పంటికి గంట, గంటన్నర. మోటార్ల రొదలో ఎవరితోనూ మాట కుదరదు. ఎదురుగా ఒక నోరు తెరుచుకుని ఉంటుంది. దానికి ముఖం ఉండదు, పేరు ఉండదు, అడుగున పెన్సిలుతో ఒక నంబరు ఉంటుంది, అంతే.

అలా చూడగా చూడగా ఆమెకి నోళ్ళు చదవడం వచ్చేసింది. ఈయన నిద్రలో పళ్ళు నూరతాడు. ఈవిడ ఒకపక్కే నములుతుంది. ఈయన నోట్లో ఎప్పుడూ మేకులు పెట్టుకుంటాడు, వడ్రంగి అయ్యుంటాడు. అచ్చుని "ఇది" అనకుండా "ఈయన", "ఈవిడ" అనేది ఆమె ఒక్కతే. సాయంత్రం ఇంటికెళ్ళి, ఆ రోజు తన చేతికి వచ్చిన నోటి గురించి భర్తకి చెప్పేది. ఆయన బట్టలు మడతపెడుతూ వినేవాడు. "మరి ఇవాళ ఎవరొచ్చారు?" అని తనే అడిగేవాడు కూడా, ఇంటికి చుట్టాలు వచ్చినట్టు.

మూడేళ్ళ క్రితం ఆయన పోయాడు. నోళ్ళు మాత్రం రావడం మానలేదు. చెప్పుకోడానికి మనిషి లేని మాటలు లోపల పేరుకుపోతుంటే, ఒకరోజు ఫోన్లో ఒక పేజీ తెరిచింది. దానికి "పలకని నోళ్ళు" అని పేరు పెట్టింది. తన పేరు పెట్టలేదు. తెల్ల చేతిరుమాలు మీద అచ్చుని పెట్టి ఫోటో తీసేది, కింద ఆరేడు వాక్యాలు రాసేది. తనకి తాను నియమాలు పెట్టుకుంది. నంబరు కనపడకూడదు. డాక్టరు పేరు ఉండకూడదు. ఫోటో ఎప్పుడూ ఎదురుగానే తీయాలి. ముఖం లేని నోరు ఎవరిదో ఎవరు కనిపెడతారు? ఆ ధైర్యంతోనే రెండొందల నోళ్ళ గురించి రాసింది. చదివేవాళ్ళు తొమ్మిది వేలమంది అయ్యారు. ఆ తొమ్మిది వేలమందిలో ఎక్కడో ఒకాయన బట్టలు మడతపెడుతూ వింటున్నాడని ఆమె అనుకునేదేమో. అలా అనుకుంటున్నానని మాత్రం తనకి తాను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

గొడవ తెచ్చిన నోటికి పాతికేళ్ళుంటాయి. ముందునుంచి చూస్తే ముచ్చటైన పలువరుస. వెనకనుంచి చూస్తేనే అసలు సంగతి. అందుకని ఆ ఒక్కసారి నియమం తప్పి, అచ్చుని వెల్లకిలా ఒరగబెట్టి ఫోటో తీసింది. కింద ఇలా రాసింది:

"పైపళ్ళ లోపలివైపు చూడండి. ఏట్లో అరిగిన గులకరాళ్ళలా ఎంత నున్నగా ఉన్నాయో. పులుపు తగిలి తగిలి పళ్ళు అలా అవుతాయి. ఈ పులుపు బయటనుంచి వచ్చింది కాదు, కడుపులోంచి వచ్చింది. ఈ అమ్మాయి నలుగురితోపాటు కూర్చుని తింటుంది. తర్వాత బాత్రూమ్‌లోకెళ్ళి గడియ వేసుకుని, తిన్నదంతా కక్కేస్తుంది. కాసేపటికి ముఖం కడుక్కుని నవ్వుతూ బయటికొస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పళ్ళకి తెలుసు."

చివరి వాక్యం రాశాక ఆమెకి ఒళ్ళు జలదరించింది. బాగా రాశాననుకుంది. ఆ అనుకోవడంలో ఆ అమ్మాయి మీద జాలి ఎంత, తన వాక్యం మీద మురిపెం ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. అడిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆ పోస్టు మాత్రం ఆమె రాసినవేవీ పోనంత దూరం పోయింది.

నాలుగో రోజున ఒక ప్రైవేటు మెసేజి వచ్చింది.

"నమస్తే. ఇది నా నోరేనా? పైవరుసలో కుడివైపు రెండో పన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది. చిన్నప్పటినుంచీ నా నాలుక ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అవునో కాదో ఒక్క మాట చెప్పండి చాలు."

పదకొండేళ్ళు నోళ్ళు చూసిన మనిషికి తట్టని సంగతి అది. అచ్చులో నాలుక ఉండదు. నోట్లో ఉంటుంది. ఏ పన్ను ఎటు తిరిగిందో, ఎక్కడ నున్నగా ఉందో, ఎక్కడ గరుకుగా ఉందో రోజంతా తడుముకుంటూనే ఉంటుంది. ఎవరి నోరు వాళ్ళకి చీకట్లో కూడా తెలుసు.

ఆమె జవాబివ్వలేదు. అవునంటే ఒప్పుకున్నట్టు. కాదంటే అబద్ధం. ఫోన్ని బల్ల సొరుగులో, మైనం కడ్డీల కింద పెట్టేసింది.

*

రెండు రోజుల తర్వాత, పదకొండు గంటలకి, సార్ మోటార్లన్నీ ఆపించాడు. ఆ టైములో మోటార్లు ఆగడం ఆ ల్యాబులో ఎప్పుడూ లేదు. నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

సార్ అంటే ల్యాబు యజమాని. ఆయన కూడా ఒకప్పుడు ఆ కుర్చీల్లోనే కూర్చుని పైకొచ్చినవాడు. కోపమొస్తే అరవడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఇప్పుడు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మన పెద్ద డాక్టరు ఫోన్ చేశాడు. ఆయన పేషెంటు ఒకమ్మాయి వెళ్ళి, నా నోరు నెట్లోకి ఎలా వచ్చింది, మీరే పెట్టారా అని నిలదీసిందట. ఆయనకి తల తిరిగింది. ఫోటో తెప్పించుకుని చూశాడు." తన ఫోను బల్ల మీద పెట్టి, వేళ్ళతో ఫోటో పెద్దది చేశాడు. "అందరూ ఇటు రండి. అచ్చు అడుగు చూడండి. ఈ గుంట ఎవరిది?"

అచ్చు ఒరిగినచోట, రుమాలు అంచు దగ్గర, చిన్న గుంట ఒకటి కనిపిస్తోంది. పోసిన ప్లాస్టరు గట్టిపడిందో లేదో చూడటానికి, అందరూ బాబాయి అని పిలిచే ప్లాస్టరు ముసలాయన ప్రతి అచ్చు అడుగునా బొటనవేలు నొక్కుతాడు. ఎండాక ఆ గుంట అలాగే ఉండిపోతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. డాక్టర్ల దగ్గరకి తిరిగి వెళ్ళే అచ్చులన్నిటి కిందా ఆ వేలు ఉంటుంది. మైనం ఆ గుంటని రోజూ చూస్తుంది. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు? నంబరు దాచింది, పేరు దాచింది. వేలుని దాచడం తోచనే లేదు.

"వేలు నాదే," అన్నాడు బాబాయి, బొటనవేలు పైకెత్తి సాక్ష్యం చూపిస్తూ. "ఫోన్ మాత్రం నాది కాదు. నా ఫోన్లో ఎత్తడం, దించడం, అంతే ఉన్నాయి."

"నీ ఫోన్లో ఆ దించడం కూడా సరిగ్గా లేదు బాబాయ్. మొన్న నువ్వు దించకపోతే మీ ఇంటి తగువంతా నేను అరగంట విన్నాను," అన్నాడు మెరుగు పెట్టే అతను. ఎవరో నవ్వబోయి, సార్ ముఖం చూసి ఆపుకున్నారు.

"నవ్వులాట కాదిది," అన్నాడు సార్. "మనకొచ్చే పనిలో సగం ఆ డాక్టరుది. రాసిన మనిషి శనివారంకల్లా ల్యాబులో ఉండకూడదు, లేకపోతే పని వేరేచోటికి పంపుకుంటానన్నాడు. ఎవరు అని నేనిప్పుడు అడగను. అందరి ముందూ ఎవరి పరువూ తియ్యను. రేపు పొద్దున్న నేను తొందరగా వస్తాను. చెప్పాల్సిన మనిషి వచ్చి చెప్పండి. చెప్పకపోతే ఆ వేలు ఒక్కటే నా దగ్గరున్న రుజువు."

మోటార్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఆమె కుర్చీలో కూర్చుంది. దీపం వెలిగించింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. ఎదురుగా ఉన్నది ఆ అమ్మాయి అచ్చే. అరిగిన ముందు పళ్ళు రెండిటికి క్యాపులు కట్టాలి. ఒకటి అయింది, రెండోది సగంలో ఉంది. నేనే అని ఇందాక ఎందుకు అనలేకపోయాను? భయమా? భయమే. ఈ కుర్చీ పోతే ఇల్లెలా గడుస్తుంది? కానీ భయం కింద ఇంకోటి కూడా ఉంది, దాన్ని పట్టుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఈ కుర్చీ పోతే నోళ్ళు పోతాయి. నోళ్ళు లేకపోతే ఆమె దగ్గరకి ఇంకెవరొస్తారు?

భోజనాలప్పుడు బాబాయి పక్కన కూర్చున్నాడు. డబ్బా మూత తీస్తూ, అటువైపు చూస్తూనే అన్నాడు. "ఈ మధ్య నీ చేతిరుమాలు తెల్లగా ఉంటోంది మైనం. ముక్కు తుడుచుకోవడం లేదా ఏంటి?"

ఆమె చేతిలో ముద్దని మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"నేనేం అడగలేదు," అన్నాడు బాబాయి. "తిను."

*

ఇంట్లో ఇద్దరే. ఆమె, అత్తగారు. కొడుకు పోయాక వేరే కోడలైతే ఎటో వెళ్ళిపోయేదని, వేరే అత్తయితే ఎటో పంపేసేదని ఎదురింటివాళ్ళు అంటారు. వీళ్ళిద్దరికీ ఆ ఆలోచన రాలేదు. వచ్చినా తగువులాడుకోవడంలో పడి మర్చిపోయుంటారు. అత్తగారి కట్టుడు పళ్ళు కోడలు చేసినవే. "నువ్వు చేసిన పళ్ళతోనే నిన్ను తిడుతున్నాను, అంత బాగా కుదిరాయి" అని ఆవిడ మెచ్చుకుంటూ ఉంటుంది.

ఆ సాయంత్రం కోడలు వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడేసరికి, ఆవిడ టీవీ కట్టేసింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే చెప్పులు విప్పు. ఉంటే చెప్పు."

చెప్పింది. పేజీ గురించి, ఫోటో గురించి, వేలిగుంట గురించి, రేపు పొద్దుటి గురించి. అత్తగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అది ఆవిడ స్వభావం కాదు కాబట్టి కోడలికి ఇంకా గుబులేసింది.

"ఆ పిల్ల ఏమడిగింది?"

"నాదేనా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. అవునంటే నా ఉద్యోగం నా చేత్తో నేనే తీసేసుకున్నట్టు. నోరు మూసుకుని ఉంటే... సార్ ఎలాగోలా సర్దేస్తాడేమో."

"ఎవరిని? ఆ ముసలాయన్నా?"

ఆమె చెప్పు పట్టీని వేలితో లాగుతూ కూర్చుంది.

అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "నా నోటి గురించి కూడా రాశావా?"

అబద్ధం చెబితే ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది. "రాశాను. మొట్టమొదట రాసింది మీదే."

"చదువు."

"ఇప్పుడెందుకత్తయ్యా..."

"చదవవే. తొమ్మిది వేలమంది చదివారు, నేను వినకూడదా?"

ఫోను తీసింది. చదవడం మొదలుపెట్టింది. "'ఈవిడ ఎడమ కింది దవడలో చిగురు పూర్తిగా కరిగిపోయి కత్తి అంచులా ఉంది. అక్కడ పళ్ళు పోయి ముప్పై ఏళ్ళు అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళు ఒకపక్కే నమిలింది. ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఎవరూ ఆవిడని డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళలేదు. ఆవిడ కూడా అడగలేదు. అడగని ఆడవాళ్ళ దవడలు ఇలాగే ఉంటాయి.'"

అత్తగారి ముఖంలో ఏదో కదిలింది. అది కన్నీరని కోడలు అనుకుంది. కాదు.

"ఎవరూ తీసుకెళ్ళలేదా? మీ మామగారు ఆ పంటి కోసం నన్ను ముగ్గురు డాక్టర్ల దగ్గరకి తిప్పాడే! మూడుసార్లూ కుర్చీలోంచి లేచి పారిపోయింది నేను. మూడోసారి ఆ డాక్టరు వేలు కొరికి మరీ పారిపోయాను. ఆయన వాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటూ నా వెనక పరిగెత్తుకొచ్చాడు, ఒక చేత్తో నా చెప్పులు పట్టుకుని. చచ్చి పైనున్న మనిషిని తొమ్మిది వేలమందితో తిట్టించావు కదే!"

కింద వ్యాఖ్యలు నిజంగానే అలా ఉన్నాయి. ఆ మొగుణ్ణి, ఆ ఇంటిని, ఆ కాలాన్ని అందరూ తిట్టారు. ఆ తిట్లు చదివి ఆరోజు ఆమె తృప్తిపడింది కూడా.

"నాకు తెలీదు అత్తయ్యా."

"తెలీకపోవడం తప్పు కాదు. నేను నీ పక్క గదిలోనే ఉన్నాను. ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా. నవ్వుకునేవాళ్ళం కదా ఇద్దరం." ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "వాడుండగా రోజూ వాడికి చెప్పేదానివి. నేను ఇవతల గదిలోంచి వింటూ ఉండేదాన్ని. వాడు పోయాక నాకు చెబుతావేమో అనుకున్నాను. చెప్పలేదు. సరే, దీనికిప్పుడు మాటలు ఇష్టం లేదనుకున్నాను. ఫోనుకి చెబుతున్నావని నాకేం తెలుసు?"

కోడలు తల వంచుకుని చెప్పులు విప్పింది. ఒక చెప్పు విప్పాక రెండోది విప్పడం మర్చిపోయి అలాగే కూర్చుంది. ఇన్నాళ్ళూ తను నోళ్ళని వింటున్నానని అనుకుంది. వినడం కాదది. ఎదుటి మనిషికి జవాబు చెప్పే వీలు లేనిచోట కూర్చుని, వాళ్ళ తరఫున తనే మాట్లాడటం. అచ్చు ఎదురు చెప్పదు. అందుకే అచ్చులంటే అంత ఇష్టమేమో. భర్త కూడా ఎదురు చెప్పేవాడు కాదు. ఆయన దగ్గర కూడా ఎన్ని తప్పులు ఒప్పులుగా చెలామణి అయిపోయాయో!

"ముందు ఆ పిల్లకి జవాబు ఇవ్వు," అంది అత్తగారు. "తర్వాత మీ మామగారిది సరిచెయ్. నేను చెబుతాను, నువ్వు రాయి. చెప్పుల సంగతి తప్పకుండా పెట్టు."

ఆమె రాసింది: "అవును. నీదే. నిన్ను అడగకుండా చూశాను, అడగకుండా రాశాను. తప్పు చేశాను. ఇన్ని రోజులు జవాబివ్వకపోవడం ఇంకో తప్పు. ఆ పోస్టు ఇప్పుడే తీసేస్తాను."

అయిదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మూడు మెసేజులు వరసగా వచ్చాయి.

"ఒక్క నిమిషం ఆగండి. తీసేముందు ఇంకోసారి చదువుకుంటాను."

"నాకు చాలా కోపంగా ఉంది. అది మీకు తెలియాలి. కానీ రెండేళ్ళుగా ఎవరికైనా చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. మీరు అందరికీ చెప్పేశారు, నాకు తప్ప."

"ఇంకోటి. మా బాత్రూమ్‌కి గడియ లేదు. ఎప్పుడో విరిగిపోయింది. నేను కుళాయి తిప్పి వదిలేస్తాను. అమ్మ రోజూ నీళ్ళు వృథా చేస్తున్నానని తిడుతుంది, అంతే."

మైనం ఆ చివరిదాన్ని చాలాసార్లు చదివింది. కుళాయి. పంటి మీద కుళాయి చప్పుడు ఎక్కడ కనపడుతుంది?

ఆ పోస్టు తీసేసింది. తర్వాత మిగతావి ఒక్కొక్కటే తీసేసింది, అడగడానికి వాళ్ళెవరో తెలియదు కాబట్టి. అత్తగారిది ఒక్కటే ఉంచింది, చెప్పుల సంగతితో సహా.

*

పొద్దున్న ఆమె వెళ్ళేసరికి ల్యాబు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

"నేనే సార్. ఎలాగూ మోకాళ్ళు పోయాయి. ఇవాళ కాకపోతే ఇంకో ఏడాదికి మానేసేవాణ్ణేగా."

"నువ్వు రాశావు?"

"నేనే."

"ఆ పేజీ పేరేంటి బాబాయ్?"

"పేజీకి పేరేంటి సార్, నంబరు ఉంటుంది గానీ."

సార్ నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"పలకని నోళ్ళు," అంది. "పేజీ పేరు అది. నాదే సార్."

బాబాయి ఆమె వైపు చూడలేదు. "నిన్నెవరు అడిగారిప్పుడు?" అని గొణుక్కుంటూ ప్లాస్టరు బకెట్టు వైపు వెళ్ళిపోయాడు. బకెట్టులో ఇంకా ప్లాస్టరు లేదు. ఉన్నట్టే కలుపుతూ నిలబడ్డాడు.

సార్ కళ్ళజోడు తీశాడు. "నాకు నిన్నే తెలుసు. నాలుగు పోస్టులు చదివాను. అచ్చుని పట్టుకుని 'ఈవిడ' అనేది ఈ ల్యాబులో ఇంకెవరు? చెప్పవని ఆశపడ్డాను. చెప్పకపోతే, దొరకలేదని ఆ డాక్టరుతో నాలుగు రోజులు నాన్చేవాణ్ణి. ఆయన కోపం తగ్గేదేమో. ఇప్పుడు నువ్వు చెప్పేశావు. ఆయన అడిగితే నేను అబద్ధం చెప్పలేను. నా సంగతి నీకు తెలుసు."

"తెలుసు సార్."

"మంచి పని చేశావని అనమంటావా? అనలేను. నా దగ్గరకి వచ్చే ప్రతి నోరూ నన్ను నమ్మి వస్తుంది."

"అనొద్దు సార్. ఆ అమ్మాయి రెండో క్యాపు సగంలో ఉంది. పూర్తి చేసి వెళ్ళనా?" అంది.

సార్ కళ్ళజోడు తుడవడం ఆపాడు. "ఆ రాసిన చెయ్యి దాని మీద పడకూడదన్నాడు డాక్టరు. నేనే చేస్తాను. ఆ నున్నటి చోట మైనం నిలవడం కష్టమని నాకు తెలుసు. జాగ్రత్తగానే చేస్తాను."

ఆమె తన కత్తులు మూడు, బ్రష్షు ఒకటి చేతిరుమాల్లో చుట్టుకుంది. దీపం మీద మూత పెట్టింది. ఆ అమ్మాయి అచ్చు బల్ల మీద నోరు తెరిచి ఉంది. అలవాటుగా చెయ్యి దాని మీదకి పోయింది. దాన్ని చూడకుండానే సార్ వైపు జరిపేసింది.

"ఇంకో ల్యాబులో మైనం మనిషి కావాలంటున్నారు," అన్నాడు సార్, వేరేవైపు చూస్తూ. "రెండు బస్సులు మారాలి. వెళ్ళు. ఇక్కడ ఎందుకు మానేశావని అడుగుతారు."

"ఏం చెప్పమంటారు?"

"అది నువ్వే చూసుకో. రాయడం వచ్చుగా."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నాడు. కానీ ఆ ల్యాబు అడ్రసు తన చేత్తోనే కాగితం మీద రాసిచ్చాడు, ఏ బస్సు ఎక్కడ ఎక్కాలో కూడా.

గుమ్మం దగ్గర బాబాయి అడ్డంగా నిలబడ్డాడు. తడి బొటనవేలు ఎత్తి, ఆమె భుజం మీద కాసేపు నొక్కి తీశాడు, గట్టిపడిందో లేదో చూసినట్టు.

"పర్లేదు. ఎండింది," అన్నాడు.

*

కలవాలని అడిగింది ఆ అమ్మాయే. అదే రోజు మధ్యాహ్నం మూడింటికి, బస్టాపు పక్కన సిమెంటు బల్ల దగ్గర. ఎలా గుర్తుపట్టాలని మైనం అడగలేదు. నోరు చూస్తే తెలిసిపోతుందనుకుంది. తీరా చూస్తే బస్టాపులో ఉన్నవాళ్ళంతా నోళ్ళు మూసుకునే ఉన్నారు. ఆమె ఇన్నేళ్ళూ చదివిన నోళ్ళలో ఒక్కటైనా మూసుకుని ఉండేది కాదు. ఎవరు ఎవరో తెలియక, చేతిరుమాలు మూట ఒళ్ళో పెట్టుకుని తెల్లబోయి కూర్చుంది.

"మీరేనా?" అంది పక్కన ఒక గొంతు.

నీలం చొక్కా, భుజాన సంచి, వాచీ లేని చేతికి వాచీ మచ్చ. అనుకున్నదానికంటే పొట్టిగా ఉంది. ముఖంలో కోపం ఉంది, భయం ఉంది, నిద్రలేమి ఉంది. మైనం కళ్ళు అలవాటు చొప్పున ఆ పెదాల మీదకి వెళ్ళాయి. ఆ అమ్మాయి చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అలా చూడకండి."

"అలవాటు. తప్పే." మైనం చూపు మళ్ళించుకుంది. ఎక్కడ చూడాలో తెలియలేదు. మనుషులు మామూలుగా ఎదుటివాళ్ళలో ఎక్కడ చూసి మాట్లాడతారు? కళ్ళలో కాబోలు. కళ్ళలోకి చూసింది. అక్కడ చదవడానికి ఏమీ రాలేదు. కళ్ళు తిరిగి చూస్తున్నాయి, అంతే.

అమ్మాయి బల్ల అంచున కూర్చుంది. "మీ ఉద్యోగం పోయిందటగా. డాక్టరుగారు చెప్పారు, నేనేదో గెలిచినట్టు. నేనది అడగలేదు."

"నీవల్ల పోలేదు. నేను పోగొట్టుకున్నాను."

ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఇద్దరూ దాన్నే చూశారు. ఇప్పుడు మాట్లాడాల్సింది తనేనని మైనానికి తెలుసు. ఎవరు ఎదురుపడినా ముందు అడిగే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా పలకబోతుండగా ఆ మాట ఏమిటో, తను అడగబోతున్నది ఎవరినో తట్టి, నోరు మూసుకుంది. ఇంకేదైనా అడుగుదామని వెతికింది. బస్సు ఎక్కడ ఎక్కావు? ఎండగా ఉంది కదా? అన్నీ ఎంత పనికిమాలిన మాటలు!

అమ్మాయి ఆమె ముఖం వైపు చూస్తోంది.

"తిన్నావా అని అడగబోయారు కదూ?"

మైనానికి చెవులదాకా వేడెక్కింది. "అవును."

"అందరూ అడుగుతారు. అమ్మ, ఆఫీసులో వాళ్ళు, లిఫ్టులో పక్కింటావిడ. ఆ, తిన్నానండీ అంటాను. అక్కడితో అయిపోతుంది." చెయ్యి నోటి మీదనుంచి కొంచెం దిగింది. "మీరు అడగండి."

"వద్దులే అమ్మా."

"అడగండి. ముందే అన్నీ తెలుసనుకుని రాశారు కదా. ఇప్పుడు తెలియనట్టు అడగండి."

మైనం ఒళ్ళో మూటని పక్కన పెట్టింది. పదకొండేళ్ళలో ఎన్నో నోళ్ళు తెరిచి చూసిన మనిషికి, తన నోరు తెరవడానికి ఇంత బలం కావాలని తెలియదు.

"తిన్నావా?"

అమ్మాయి చాలాసేపు రోడ్డు వైపు చూసింది. నాలుక లోపల ఎక్కడో, కుడివైపు రెండో పంటి వెనక కదులుతున్నట్టు బుగ్గ మీద తెలిసింది. మైనం అది చూసింది. చూసి కూడా ఏమీ అనుకోలేదు. జవాబు కోసం ఆగింది.

"లేదు," అంది అమ్మాయి. "పొద్దున్న తిన్నాను. కానీ లేదు."

"చెప్పు," అంది మైనం. "నాకు తెలీదు."